పూర్తిగా చదవని పుస్తకం గురించి స్నేహితురాలికి రాశాను

పేరు బయట పెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు ఐదు పేజీల ఉత్తరం పంపారు. అందులోని ముఖ్యమైన సంగతులను కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 41 ఏళ్ళు. ఒక సంస్థలో నివేదికలు తయారుచేసే విభాగంలో పనిచేస్తున్నారు. తొమ్మిదేళ్ళ క్రితం దూర ప్రాంతానికి వెళ్ళిపోయిన స్నేహితురాలితో ఆమెకు ఒక అలవాటు కొనసాగుతోంది. నెలాఖరుకు ఇద్దరూ ఒకరికొకరు ఉత్తరం రాసుకుంటారు. ఆ నెలలో ఏం చదివారు, ఏం వండుకుని తిన్నారు, ఏం విన్నారు, వాటి గురించి ఏమనిపించింది అన్నవే అందులో ఉంటాయి. ఇంటి చికాకులూ ఆఫీసు గొడవలూ ఆ ఉత్తరంలోకి రాకూడదని మొదట్లోనే ఇద్దరూ అనుకున్నారు. ఆ నియమం వల్లే ఆ ఉత్తరాలు తనకు గాలి పీల్చుకునే కిటికీలా ఉండేవని ఆమె రాశారు.

తోటి ఉద్యోగి ఒకరు హఠాత్తుగా మానేయడంతో గత 11 వారాలుగా ఇద్దరి పని ఈమె మీద పడింది. రాత్రి తొమ్మిది దాటితే గాని కుర్చీలోంచి లేవడం లేదు. పడక పక్కన నాలుగు పుస్తకాలు ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటీ 30వ పేజీ దాటలేదు. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు రెండూ ల్యాప్‌టాప్ ముందే అవుతున్నాయి. ఒకరోజు పళ్ళెం ఖాళీగా కనిపిస్తే, తిన్నది తానేనా, అసలు భోజనం వడ్డించుకున్నానా అని కాసేపు అనుమానం వచ్చిందట. పొద్దుటి నుంచి రాత్రి దాకా చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి గాని ఏ పాట విన్నారో సాయంత్రానికి చెప్పలేరు. ఇరవై ఏళ్ళుగా ప్రాణంగా చూసుకున్న ఒక పాట మొన్నొక సాయంత్రం వస్తే విసుగు పుట్టి ఆపేశారు. ఆపేశాక ఏడుపు వచ్చిందని రాశారు.

అసలు చిక్కు రెండు నెలల క్రితం మొదలైంది. నెలాఖరు వచ్చింది, రాయడానికి ఏమీ లేదు. 28వ పేజీ దగ్గర ఆగిపోయిన ఒక నవల గురించి, ఎవరో రాసిన సమీక్ష చదివి, పూర్తిగా చదివినట్టే రాసేశారు. ఎప్పుడో వండిన వంటను ఆ వారం వండినట్టు రాశారు. స్నేహితురాలు ఆమె మాట మీద ఆ నవల కొని, చదివి, ఎంతో ఉత్సాహంగా జవాబు రాస్తూ, "చివరి అధ్యాయంలో ఆ కూతురు ఇంటికి తిరిగి రావడం నీకు నమ్మదగినట్టు అనిపించిందా? నువ్వేమంటావోనని ఎదురు చూస్తున్నాను" అని అడిగారు. ఆ జవాబు వచ్చి మూడు వారాలైంది. ఈమె ఇంతవరకు తిరిగి రాయలేదు.

భర్తతో చెప్పుకుంటే, "ఇంతోటి దానికి బాధెందుకు? పుస్తకాలు ఎక్కడికీ పోవు కదా, పని అయ్యాక చదువుకోవచ్చు" అన్నారట. ఆమె నన్ను అడిగినవి నాలుగు. నిజం చెప్పేయాలా? ఈ పని ఒత్తిడి తీరేదాకా ఉత్తరాలు ఆపేద్దామని అడగడం మంచిదా? చదువు, తిండి, సంగీతం మీద తన ఇష్టం ఇక పోయినట్టేనా? చివరిగా, మళ్ళీ చదవగలిగితే ఆ నవలను మొదటి నుంచి మొదలుపెట్టాలా, ఆగినచోటి నుంచా?

సమాధానం:

మీ ఉత్తరంలో మీరు ఎక్కువ సిగ్గుపడుతూ రాసినది నవల సంగతి. నాకు ఎక్కువ బాధ కలిగించినది ఖాళీ పళ్ళెం సంగతి. మిగతా ముడులన్నీ అక్కడి నుంచే విప్పుకుంటూ రావచ్చని నాకు అనిపించింది కనుక అక్కడే మొదలుపెడతాను.

తిన్నామో లేదో మనకు చెప్పేది కడుపు ఒక్కటే కాదు, జ్ఞాపకం కూడా చెబుతుంది. 1998లో పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు తీవ్రమైన జ్ఞాపకశక్తి లోపం ఉన్న ఇద్దరు రోగుల మీద చేసిన పరిశీలనను ప్రచురించారు. వాళ్ళకు భోజనం పెట్టి, కొద్దిసేపటికే మరో భోజనం ముందు పెడితే, ఇప్పుడే తిన్నామన్న ఎరుక లేకపోవడంతో వాళ్ళు రెండోదీ తిన్నారు. మీ జ్ఞాపకశక్తికి ఏ లోపమూ లేదు. జ్ఞాపకం ఉండాలంటే ముందు మనసు అక్కడ ఉండాలి కదా, ఆ అరగంటా మీ మనసు నివేదికలోని పట్టికల మీద ఉంది. ముద్ద నోట్లోకి వెళ్ళింది, గమనించేవాళ్ళు మాత్రం అక్కడ లేరు. మీకు ఆహారం మీద ప్రేమ తగ్గిందనడానికి ఇది గుర్తు కాదు. ఆహారం మీ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ మీరు ఇంట్లో లేరు, అంతే.

మీ రోజును మీరు వర్ణించిన తీరు చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తోంది. పని పెరిగేకొద్దీ మీరు చదువు, తిండి, సంగీతం, ఈ మూడింటిలో ఏదీ వదులుకోలేక, మూడింటినీ ఒకే వేళలోకి కుక్కారు. ఎదుట పళ్ళెం, చెవిలో పాట, ఒక కంటితో ఫోనులో ఎవరిదో వ్యాసం, మరో కంటితో ఆఫీసు ఫైలు. వదులుకోకూడదన్న ఆరాటంతోనే ఇలా చేశారు, అందుకు మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టలేరు. కానీ ఇవి మూడూ మనిషి పూర్తి ధ్యాసను అడిగే విషయాలు. రుచి అని మనం అనుకునేదానిలో చాలా భాగం నిజానికి వాసన. నమిలేటప్పుడు నోటి వెనుక భాగం నుంచి ముక్కుకు చేరే ఆ వాసనను గుర్తుపట్టాలంటే నెమ్మదిగా నమలాలి, నమిలేటప్పుడు అక్కడే ఉండాలి. పాటలో రాబోయే మలుపు కోసం ఎదురుచూడాలి, ఆ ఎదురుచూపులోనే సగం ఆనందం ఉంటుంది. నవలలో ముందు పేజీలో ఎవరు ఏమన్నారో తరువాతి పేజీ దాకా మోసుకు వెళ్ళాలి. మూడు పనులనూ ఒకేసారి చేస్తే మూడూ ఎంతో కొంత దక్కుతాయనుకుంటాం గాని, మూడింటిలో ఏదీ దక్కదు.

సంగీతం విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పాట ఆపేసి మీరు ఏడ్చిన సాయంత్రాన్ని మీరు సరిగా అర్థం చేసుకోలేదని నా అభిప్రాయం. మీరు చేసేది మాటల పని. రోజంతా వాక్యాలు చదువుతారు, దిద్దుతారు, రాస్తారు. చదివిన మాటలను మనసు లోపల వినిపించుకుంటూ కాసేపు పట్టి ఉంచుతుందన్నది, 1974లో అలన్ బాడెలీ, గ్రాహం హిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన జ్ఞాపక నమూనాలో ఒక ముఖ్య భాగం. బయటి నుంచి చెవిన పడే మాటలు కూడా, మనం వాటిని పట్టించుకోకపోయినా, ఆ చోటులోకే చొరబడతాయి. అందుకే పియెర్ సలామే, బాడెలీ 1982లో చేసిన ప్రయోగాల్లో పక్కన మాటలు వినిపిస్తున్నప్పుడు చూసిన అంకెల వరుసను గుర్తుపెట్టుకోవడం కష్టమైంది. తరువాత 1989లో వాళ్ళే సంగీతంతో పరీక్షిస్తే, వాద్య సంగీతం కన్నా పాడిన సంగీతం ఎక్కువ ఆటంకం కలిగించింది.

దీన్ని మీ రోజుకు అన్వయించి చూడండి. 11 వారాలుగా మీరు రోజుకు పది గంటలకు పైగా పాటలు పెట్టుకుని, అదే సమయంలో మీ మనసును ఆ పాటలోని మాటలను తోసేయమని అడుగుతున్నారు. మీకు తెలియకుండానే అది రోజంతా ఆ పాటలతో పెనుగులాడింది. రోజంతా తోసేసినదాన్ని సాయంత్రం ఒక్కసారిగా ప్రేమించమంటే అది మొరాయించడంలో వింతేముంది? మీకు విసుగు పుట్టించింది ఆ పాట కాదని, అలసిన మనసు మీద పడిన మరికొన్ని మాటల భారమని నేను అనుకుంటున్నాను.

ఇక్కడ మీకు రెండు మూడు దారులు ఉన్నాయి. పని వేళలో సంగీతం పూర్తిగా మానేసి చూడటం ఒకటి. మొదటి రెండు మూడు రోజులు నిశ్శబ్దం బరువుగా ఉంటుంది, ఆఫీసు మాటలన్నీ చెవిన పడతాయి, పని మరింత పొడిగా అనిపిస్తుంది. అయితే సాయంత్రం పాట పెట్టినప్పుడు అది ఆ రోజులో మొదటి పాట అవుతుంది. ఇయర్‌ఫోన్లు మీకు సంగీతం కోసం కన్నా చుట్టూ గోడగా ఎక్కువ ఉపయోగపడుతుంటే, మాటలు లేని వాద్య సంగీతానికో, వాన చప్పుడు లాంటి ఒకే తీరు శబ్దానికో మారవచ్చు. దీనివల్ల గోడ నిలుస్తుంది, కానీ రోజంతా విన్న ఆ సంగీతం మీకు పని గుర్తుగా మారిపోయే ప్రమాదం ఉంది, కనుక మీకు ఎక్కువ ఇష్టమైనదాన్ని అందుకు వాడకండి. మాటలతో పని లేని వేళలు, అంటే కాగితాలు సర్దడం, అంకెలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎక్కించడం వంటివి ఉన్నప్పుడు మాత్రమే పాటలు పెట్టుకోవడం మూడోది. ఇది అన్నిటికన్నా తేలిక, అయితే ఎప్పుడు ఆపాలో గుర్తుపెట్టుకోవడం కష్టం.

ఏది ఎంచుకున్నా, రోజులో ఒక్క పాటను మాత్రం మరే పనీ చేయకుండా వినమని అడుగుతాను. పాట ముగిశాక వెంటనే ఇంకోటి మొదలుకాకుండా చూసుకోండి. 2006లో లూసియానో బెర్నార్డి బృందం 24 మందికి రకరకాల సంగీతం వినిపించి గుండె వేగం, రక్తపోటు, శ్వాస కొలిచింది. మధ్యలో వాళ్ళు ఉంచిన రెండు నిమిషాల నిశ్శబ్దంలో ఆ కొలతలు సంగీతం మొదలుకాక ముందున్న స్థాయి కన్నా కూడా దిగువకు వచ్చాయి. విన్నదాని తరువాత వచ్చే నిశ్శబ్దం కూడా వినడంలో భాగమే. ఫోనులో పాట వెనుక పాట దానంతటదే వచ్చే ఏర్పాటు మీకు ఈ భాగాన్ని లేకుండా చేస్తోంది.

పుస్తకాల సంగతికి వస్తాను. రాత్రి తొమ్మిదిన్నరకు పుస్తకం తెరిచి, ఒకే పేరాను మూడుసార్లు చదివి మూసేస్తున్నానని రాశారు. ఒక పని సగంలో వదిలి మరో పనికి మారినప్పుడు ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. మీరు కుర్చీలోంచి లేచినా మీ నివేదిక లేవలేదు. దీనికి నాకు తెలిసిన చిన్న ఉపాయం ఒకటుంది, 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు దానికి బలమిస్తున్నాయి. పూర్తికాని పని మనసులో పదేపదే తలెత్తుతుంటే, దాన్ని పూర్తి చేయనక్కరలేదు, ఎప్పుడు ఎలా చేస్తామో నిర్దిష్టంగా అనుకుంటే చాలు, ఆ అలజడి తగ్గుతుందని వాళ్ళు కనుగొన్నారు. ల్యాప్‌టాప్ మూసే ముందు ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాయండి: ఎక్కడ ఆపారో, రేపు కూర్చోగానే మొదట చేసేదేమిటో, ఎవరి నుంచి ఏం రావాల్సి ఉందో. ఆ కాగితాన్ని ల్యాప్‌టాప్ మీదే వదిలేయండి, పడకగదికి తీసుకురావద్దు.

పడక పక్కన నాలుగు పుస్తకాలు ఉండటం నాకు నచ్చలేదు. తీరిక ఉన్న రోజుల్లో నాలుగు పుస్తకాలంటే నాలుగు తలుపులు. ఇప్పుడు మాత్రం అవి మీకు నాలుగు బాకీలు. మూడింటిని అలమరలో పెట్టేయండి. మిగిలే ఒక్కటీ ఏదై ఉండాలన్నది మీ ఇష్టం, కానీ ఫలితాలు వేరువేరుగా ఉంటాయి. కొత్త నవల అయితే పాత్రలను, వాళ్ళ సంబంధాలను గుర్తుపెట్టుకోవాలి, రెండు రోజులు తప్పితే దారి తప్పుతారు, మళ్ళీ నిరుత్సాహం వస్తుంది. కథలు గాని, కవితలు గాని అయితే ఒకసారి కూర్చున్నప్పుడే ఒకటి ముగుస్తుంది, ముగించానన్న తృప్తి ఉంటుంది, కానీ ఒక పెద్ద లోకంలో నెల రోజులు నివసించిన సుఖం ఉండదు. ఎప్పుడో చదివి ప్రేమించిన పుస్తకాన్ని మళ్ళీ చదివితే గుర్తుపెట్టుకోవాల్సిన భారం తగ్గుతుంది, ఎక్కడ తెరిచినా పరిచయమైన గొంతు వినిపిస్తుంది, వాక్యాల అందం మీదికి ధ్యాస వెళుతుంది. నేను ఇటువంటి రోజుల్లో ఎప్పుడూ ఈ మూడో దారే పట్టాను, మీకూ దాన్నే ముందుగా చెబుతాను. కొత్త నవలే కావాలనుకుంటే రోజుకు ఆరు పేజీలు అనుకోండి. 40 రోజుల్లో 240 పేజీలు అవుతాయి, అంటే ఒక మామూలు నవల. ఆరు దాటి చదవాలనిపించినా మొదటి వారంలో ఆపేయండి, మర్నాటికి కొంత ఆకలి మిగలాలి.

కొన్నాళ్ళు అసలు చదవకపోవడమూ ఒక దారే. రోజంతా అక్షరాలతో పనిచేసే మనిషికి రాత్రి మళ్ళీ అక్షరాలే విశ్రాంతి కాకపోవచ్చు. మీరే నిర్ణయించుకుని మానేస్తే అది విరామం అవుతుంది. రోజూ తెరిచి రోజూ ఓడిపోతున్నంత కాలం అది విరామం కాదు, పుస్తకాన్ని చూస్తేనే బెదురు పుట్టే స్థితికి చేరవచ్చు.

భోజనం గురించి పెద్ద మార్పులేమీ అడగను. వండుకునే ఓపిక లేని రోజుల్లో వండుకోవాలని ఎవరూ మిమ్మల్ని ఒత్తిడి చేయకూడదు, మీకు మీరు కూడా. రోజుకు ఒక్క పూట, ఏ పూటైనా, ఏ తెరా లేకుండా తినండి. పదిహేను నిమిషాలు చాలు. మొదటి నాలుగు ముద్దల్లో ఏమేం తెలుస్తున్నాయో చూడండి. ఒకే రుచిని తింటున్నకొద్దీ దాని మీద ఇష్టం తాత్కాలికంగా తగ్గుతుందని, వేరే రుచి మీద మాత్రం ఇష్టం అలాగే ఉంటుందని బార్బరా రోల్స్ బృందం 1981లో చూపించింది, కనుక ఆ మొదటి ముద్దలే మీకు ఎక్కువ ఇస్తాయి. ఆ నాలుగింటినీ తెర ముందు పోగొట్టుకుంటే తరువాత ఎంత తిన్నా అది దొరకదు. ఇంకో సంగతి, రాత్రి పని కోసం సాయంత్రం ఆరు తరువాత రెండుసార్లు కాఫీ తాగుతున్నానని రాశారు. పెద్దవాళ్ళలో శరీరంలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి 11 గంటలకు మీరు పడుకునేటప్పటికి ఆరింటికి తాగినదానిలో సగం ఇంకా మీలోనే ఉంటుంది. నిద్ర సరిగా లేని మనిషికి రుచీ తెలియదు, పేజీ తలకెక్కదు.

ఇక స్నేహితురాలి దగ్గరకు వద్దాం. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

చెప్పకుండా దాచి, ఎలాగో ఒకలా ఆ నవల చివరి అధ్యాయం చదివేసి జవాబు రాయడం మొదటిది. మీరు దీని గురించి ఆలోచించానని నిజాయితీగా ఒప్పుకున్నారు. ఇది జరిగిపోవచ్చు, ఆమెకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. కానీ ఆమె అడిగిన ప్రశ్న చూడండి. ఆ కూతురు తిరిగి రావడం నమ్మదగినట్టు ఉందా అంటే, ఆ అమ్మాయి వెళ్ళిపోయిన తీరు, మధ్యలో గడిచిన కాలం, అన్నీ తెలిసినవాళ్ళే చెప్పగలిగే ప్రశ్న అది. చివరి ఇరవై పేజీలతో దానికి జవాబు రాదు. మీరు రాసేది మళ్ళీ ఎవరిదో సమీక్ష అవుతుంది. ఆమె మీ అభిప్రాయం అనుకుని దాన్ని దాచుకుంటుంది. తొమ్మిదేళ్ళ ఉత్తరాల్లో మొదటి అబద్ధాన్ని మీరు ఇన్నాళ్ళు మోశారు. రెండోది మోయడం ఇంకా కష్టం.

ఈ విషయం ఎత్తకుండా, పని తీరేదాకా ఉత్తరాలు ఆపుదామని కోరడం రెండోది. ఆమె తప్పకుండా ఒప్పుకుంటుంది. అయితే తన ప్రశ్నకు జవాబు రాకుండా ఉత్తరాలే ఆగిపోతే, తాను ఏదో తప్పుగా రాశానేమోనని ఆమె వెతుక్కుంటుంది. మూడు వారాల మీ మౌనాన్ని ఇప్పటికే ఆమె ఏదో ఒకలా అర్థం చేసుకుంటూ ఉంటుంది. పైగా మీ పని ఎప్పుడు తీరుతుందో మీకే తెలియదు. ఇంకో ఆరు వారాలు అంటున్నారని రాశారు, ఐదు వారాల క్రితం కూడా ఆరు వారాలే అన్నారని అదే పేరాలో రాశారు.

నిజం చెప్పడం మూడోది. ఆమె నొచ్చుకోవచ్చు. మీ మాట మీద డబ్బు పెట్టి కొన్న పుస్తకం, మీతో పంచుకుంటున్నాననుకుంటూ చదివిన పుస్తకం. ఆ చదివిన రోజుల్లో తాను ఒంటరిగా ఉన్నానని ఇప్పుడు తెలియడం ఆమెకు చిన్న విషయం కాదు, మీరు దాన్ని చిన్నదిగా చేసి రాయకండి. పాత ఉత్తరాల్లో ఇంకేవి నిజం కాదోనన్న అనుమానం కూడా ఆమెకు రావచ్చు, దానికి జవాబు మీరే ముందుగా రాయండి: ఆ ఒక్క ఉత్తరంలో రెండు విషయాలు, నవల, వంట, అంతకుముందు ఏదీ కాదు. కొన్నాళ్ళు ఆమె రాయకపోతే ఆ సమయాన్ని ఆమెకు ఇవ్వాలి.

నేను మీ స్థానంలో ఉంటే మూడోదే చేస్తాను. ఏ దారి పట్టాలో నిర్ణయం మీదే, ఆమె స్వభావం మీకు తెలిసినంత నాకు తెలియదు. రాయదలిస్తే మాత్రం ఆలస్యం చేయకండి, పొడవుగా రాయకండి. "ఆ నవలలో నేను 28వ పేజీ దగ్గర ఆగిపోయాను. నీకు చెప్పడానికి ఏమీ మిగల్లేదని సిగ్గుపడి, చదివినట్టు రాశాను. నువ్వు నా మాట నమ్మి చదివావు. నన్ను క్షమించు" అంటే సరిపోతుంది. పని ఎంత కష్టంగా ఉందో వివరించే నాలుగు పేజీలు ఆ క్షమాపణ ముందు పెడితే, ఆమె నొచ్చుకునే హక్కును మీరు తీసేసుకున్నట్టు అవుతుంది. కావాలంటే వాటిని తరువాత రాయండి.

అయితే ఈ అబద్ధం ఎలా పుట్టిందో కూడా మీరిద్దరూ కలిసి చూడాలని నా కోరిక. ఆఫీసు సంగతులు ఉత్తరంలోకి రాకూడదన్న నియమం మీకు చాలాకాలం మేలు చేసింది. ఈ 11 వారాల్లో అదే నియమం మీ నోరు కట్టేసింది. మీ జీవితంలో ఉన్నదంతా పనే అయినప్పుడు, పనిని బయట పెట్టిన ఉత్తరంలో మీరు లేకుండా పోయారు. మీరు లేని ఉత్తరాన్ని నింపడానికి సమీక్ష అవసరమైంది. క్రమంగా ఆ ఉత్తరం, నేను ఇంకా చదివే మనిషినే, వండే మనిషినే అని నెలనెలా రుజువు చూపించే కాగితంగా మారిపోయి ఉంటుందని నా అనుమానం.

నిజానికి మీ దగ్గర రాయడానికి చాలా ఉంది. నాకు రాసిన ఐదు పేజీలను మీరే ఒకసారి చూసుకోండి. ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని తిన్నది తానేనా అని అనుమానపడిన మధ్యాహ్నం, తిండి గురించి మీరు ఇన్నేళ్ళలో రాసిన ఏ వాక్యానికన్నా తక్కువది కాదు. ఒకే పేరాను మూడుసార్లు చదివి, మూడోసారి అందులో ఒక్క మాట దగ్గర ఆగి, ఆ మాట మీ అమ్మ వాడేదని గుర్తుకొచ్చి పుస్తకం మూసేశానని రాశారు. అది చదవడమే. ఇష్టమైన పాట ఆపేసి ఏడవడం, విన్నదాని గురించి రాయదగిన సంగతే. పని ముంచెత్తిన నెలలో మనిషి చదివేది, తినేది, వినేది చిన్న చిన్న ముక్కలుగానే ఉంటుంది. ఆ ముక్కలను ఉన్నవి ఉన్నట్టు రాస్తే మీ స్నేహితురాలికి ఎనిమిది వాక్యాల ఉత్తరం అందుతుంది, అందులో మీరు ఉంటారు. ఉత్తరం పూర్తిగా ఆపడానికి బదులు ఇలా కుదించుకుందామని ఆమెను అడగవచ్చు. మీరు ఏమీ రాయలేని నెలలో ఆమె ఒక్కరే రాసేలా, మీరు "చదివాను" అన్న ఒక్క మాట పంపేలా కూడా ఒప్పందం చేసుకోవచ్చు. అలాంటి ఒప్పందంలో ఆమెకు భారం పెరుగుతుంది, అది ఎన్నాళ్ళో ముందే చెప్పుకోవాలి.

మీ భర్త మాటలో సగం నిజం ఉంది, పుస్తకాలు ఎక్కడికీ పోవు. ఆయన మిమ్మల్ని ఓదార్చాలనే అన్నారు, కోపం పెట్టుకోకండి. కానీ మీరు పోగొట్టుకుంటున్నది పుస్తకాలను కాదని ఆయనకు ఇంకా తెలియలేదు, మీరు చెప్పాలి. అలాగే పైఅధికారితో కూడా ఒక మాట మాట్లాడండి. ఇద్దరి పని ఏ తేదీ దాకా చేయాలో, ఆ తేదీ దాటితే ఏ పనులు పక్కన పెట్టవచ్చో రాతపూర్వకంగా అడగండి. అడిగితే అసమర్థత అనుకుంటారేమోనన్న భయం సహజమే, అలా అనుకునేవాళ్ళు ఉంటారు కూడా. అడగకపోతే మాత్రం ఆరు వారాలు మళ్ళీ మళ్ళీ ఆరు వారాలే అవుతాయి, ఖాళీగా ఉన్న ఉద్యోగాన్ని భర్తీ చేయాల్సిన తొందర ఎవరికీ కలగదు.

ఇష్టం పోయిందా అని అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి పోలేదనే నమ్ముతున్నాను. పాట ఆపేసినందుకు ఏడుపు వచ్చిందంటే, అది మీకు ఇంకా కావాలి. కానీ ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. తెర పక్కన పెట్టి తిన్నా, తీరిగ్గా విన్నా, సెలవు రోజున హాయిగా నిద్రపోయి లేచినా, ఏదీ బాగోలేదన్న భావమే దాదాపు ప్రతిరోజూ రెండు వారాలకు మించి సాగితే, దాన్ని పని ఒత్తిడి అని సరిపెట్టుకోకండి. ఇష్టమైనవాటిలో ఆనందం లేకపోవడం కుంగుబాటు వ్యాధికి ముఖ్యమైన లక్షణాల్లో ఒకటి, దానికి చికిత్స ఉంది. అప్పుడు ఈ నివేదికలు ముగిసేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

చివరి ప్రశ్న, ఆ నవలను ఎక్కడ మొదలుపెట్టాలన్నది. స్నేహితురాలికి నిజం రాసేదాకా దాన్ని తెరవకండి, తెరిస్తే అది పరీక్ష కోసం చదివినట్టు ఉంటుంది. రాసిన తరువాత, మీ ఇద్దరికీ ఇష్టమైతే, మొదటి పేజీ నుంచే మొదలుపెట్టండి, రోజుకు ఆరు పేజీలు. ఆమె ప్రశ్నకు మీ జవాబు ఈ నెలలో రాదు, వచ్చే నెలలోనూ రాకపోవచ్చు. ఆ కూతురు ఇంటి నుంచి వెళ్ళిపోయే అధ్యాయం దాకా వచ్చినప్పుడు, అక్కడిదాకా చదివానని, ఇంతవరకు ఇలా అనిపిస్తోందని ఆమెకు రాయండి.